గ్రామారోగ్యమునకు మూలము సంఘబలమే

గ్రామమున ఆసుపత్రి కట్టించుటకు దాతలు దొరకుదురు. గోడపై పేరు చెక్కిన రాతిపలక నిలుచును గనుక కట్టడములకు విరాళములు రాబట్టుట కష్టము కాదు. ఒకనాటి కంటివైద్య శిబిరమునకును, మందుల పంపకమునకును ధనమిచ్చువారు నేటికిని గలరు. కాని ఆ గ్రామమునందే పదిమంది స్త్రీలకు పసిబిడ్డను తూచుటయు, అపాయ లక్షణములను గుర్తించుటయు, జమాఖర్చు వ్రాయుటయు, సభ జరిపి తీర్మానమును పుస్తకమున కెక్కించుటయు నేర్పింతము, రెండు మూడేండ్ల వ్యయమును భరింపుడని యడిగినచో, ముందుకు వచ్చిన చేతులే వెనుకకు పోవును. గోడలు లేచును, లోపల పనిచేయువారు తయారుకారు. ప్రజారోగ్యమునకై వెలసిన చిన్న సంఘములలో పెక్కింటి క్షీణతకు మూలకారణమిదియేయని మేము తలంచుచున్నాము.

గ్రామారోగ్యమునకు గ్రామసంఘ మావశ్యకమనుట క్రొత్తమాట కాదు. 1946వ సంవత్సరమున నివేదికను సమర్పించిన భోర్ సంఘమువారు ప్రతి గ్రామమునను అయిదుగురు మొదలు ఏడుగురు వరకు సభ్యులుగల ఆరోగ్యసమితి యుండవలెనని సూచించిరి. దాదాపు అరువదేండ్ల పిమ్మట, 2005లో, జాతీయ గ్రామీణారోగ్య కార్యక్రమమును ఆరంభించినపుడు కేంద్ర ప్రభుత్వమువారు గ్రామమునకొక ఆరోగ్య పారిశుధ్య సంఘమును, వేయి జనాభాకు ఒక ఆశా కార్యకర్తను, సంఘము స్థానికావసరముల ననుసరించి వెచ్చించుకొనుటకై ఏటేట 10,000 రూపాయలను నిర్ణయించిరి. సభ్యుల పేర్లు వ్రాసిరి. బ్యాంకులలో ఖాతాలు తెరచిరి. అయినను పెక్కు గ్రామములలో తాము సభ్యులమన్న సంగతి సభ్యులకే తెలియకుండెను. పైకము దేనికి వెచ్చింపవచ్చునో, ఎవరిని సభకు పిలువవలెనో, లెక్క ఎవరికి చూపవలెనో వారికి నేర్పినవారు లేరు. అధికారమిచ్చి, దానిని వినియోగించు నేర్పు నియ్యకుండుట, ఎడ్లను తోలి నాగలిని మరచినట్లే యగును.

నేర్పిన చోట నేమి జరిగినదో చూతము. మహారాష్ట్రమున నాటి అహ్మద్‌నగర్ జిల్లాలోని జామ్‌ఖేడ్ ప్రాంతము అనావృష్టికి పేరుపడినది. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు చదివిన రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో అచ్చట సమగ్ర గ్రామీణారోగ్య కార్యమును ప్రారంభించిరి. మొదట శిక్షణ పొందిన నర్సులను గ్రామములకు పంపిచూచిరి. వెలుపలినుండి వచ్చినవారగుటచే వారు గ్రామస్త్రీలతో కలిసిపోలేకపోయిరి. అంతట గ్రామములవారే యెన్నుకొన్న స్త్రీలను వారము వారము కేంద్రమునకు రప్పించి నేర్పసాగిరి. వారిలో పెక్కుమందికి అక్షరజ్ఞానము లేదు. అస్పృశ్యులని దూరముంచబడిన కుటుంబములవారును వారిలో గలరు. గర్భిణుల పరీక్ష, శుభ్రమైన కానుపు, శిశుపోషణ, విరేచనములైన బిడ్డకు ఉప్పు పంచదార కలిపిన నీరు త్రాగించుట, క్షయ కుష్ఠురోగముల తొలి గుర్తులు వారికి బోధింపబడినవి. 1971లో వేయి జననములకు 176గా నున్న శిశుమరణములు 1976 నాటికి 52కు దిగినవి. 1979లో ఆ దంపతులకు రామన్ మాగ్‌సేసే బహుమానము లభించినది.

ఈ ఫలితమునకు మందులతోపాటు సంఘమును కారణమైనది. ఆరోగ్య కార్యకర్తకు అండగా రైతుసంఘములును మహిళామండలులును ఏర్పడినవి. ఆయా కులములవారు ఒకచోట గూర్చుండి, ఏ యింట బిడ్డ చిక్కిపోవుచున్నాడో, ఏ బావినీరు చెడినదో విచారింప నేర్చుకొనిరి. త్రాగునీటికై గొట్టపుబావులను త్రవ్వించినపుడు అవి దళితవాడలయందే పడునట్లు చూచిరి. అగ్రవర్ణములవారు నీటికై ఆ వాడకు నడువవలసివచ్చెను. రోగమునకును అంటరానితనమునకును గల సంబంధమును గ్రామస్థులకు బోధించుటకు ఇంతకంటె తేటయైన పాఠము లేదు.

రెండవ నిదర్శనము మనకు మరింత చేరువలో నున్నది. ప్రాణహితానది కావలి యొడ్డున, తెలంగాణపు సరిహద్దు నానుకొని యున్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1986లో సర్చ్ అను సంస్థను స్థాపించిరి. ఆ యడవి పల్లెలలో పసిబిడ్డలు న్యుమోనియాచే మరణించుచుండిరి. బిడ్డ ఊపిరి నిమిషమునకెన్నిమార్లు ఆడుచున్నదో లెక్కింపగలిగినచో వ్యాధిని పోల్చవచ్చును. కాని మంత్రసానులకు అన్ని అంకెలు రావు. అందులకై యొక చిన్న సాధనమును కల్పించిరి. దానిలో ఒక నిమిషపు ఇసుకగడియారమును, వరుసగా కొన్ని పూసలును ఉండును. పది యూపిరులకు ఒక పూసను జరుపవలెను. ఇసుక దిగకమునుపే పూసలన్నియు జరిగిపోయినచో బిడ్డకు వ్యాధి సోకెనని గ్రహింపవలెను. చదువురాని స్త్రీని తప్పుపట్టక, ఆమె కందునట్లు విద్యను మలచుట యన నిదియే.

పిదప ఆ సంస్థవారు 39 గ్రామములలో ఒక్కొక్క స్త్రీకి నవజాత శిశుసంరక్షణమును నేర్పిరి. ఆమె ప్రతి బాలింత యింటికిని పోయి, బిడ్డను తూచి, వెచ్చదనమును కాపాడి, తల్లిపాలు పట్టించి, రక్తము విషమించిన లక్షణములు కానవచ్చినచో నియమిత మోతాదులో మందు నిచ్చును. అట్టి సంరక్షణము లేని 47 గ్రామములతో పోల్చిచూడగా, మూడవ యేటికి పుట్టిన 28 దినములలోపలి శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గెనని 1999లో లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించినది. 2011లో కేంద్ర ప్రభుత్వమువారు ఆశా కార్యకర్తల ద్వారమున ఇంటింట నవజాత శిశుసంరక్షణమును దేశమంతటను ప్రవేశపెట్టుటకు ఈ యనుభవమే దారితీసినది.

ఆంధ్రదేశమున ఇట్టి సంఘశక్తికి కొదువ యున్నదనరాదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినపుడు, రాత్రిబడికి వచ్చిన స్త్రీలు అక్షరములతోపాటు తమ సంసారములను సారాయి కూల్చుచున్న తీరును గూర్చియు చర్చించుకొనిరి. 1992లో దూబగుంటనుండి వ్యాపించిన ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడినది. ఆ స్త్రీలే పొదుపు సంఘములను కట్టుకొనిరి. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను పొదుపు సంఘము లేని గ్రామ మరుదు. వారు నియమము తప్పక కూడుదురు, అప్పులిచ్చి వసూలు చేయుదురు, పద్దులు వ్రాయించుకొందురు. జమాఖర్చుల నేర్పు వారికిదివరకే యబ్బినది. దానికి ఆరోగ్యవిద్యను జోడించినచో గ్రామారోగ్యసంఘము సగము సిద్ధమైనట్లే.

మిగిలిన సగమునకు ధనమును, ఓర్పును కావలయును. ఏడుగురు కలసినచో 2001 నాటి సంఘముల నమోదు చట్టము ప్రకారము సంఘమును నమోదు చేయవచ్చును. ఆ పిమ్మట ఏటేట సర్వసభ్యసభ జరుపవలెను, లెక్కలు తనిఖీ చేయింపవలెను, రిజిస్ట్రారునకు పత్రములు పంపవలెను. పల్లెలోని సంఘమునకు ఈ పని వైద్యముకంటె కఠినము. పూర్వము పట్టణములలోని పెద్ద సంస్థలు విదేశీయుల విరాళములను స్వీకరించి, అందులో కొంత చిన్న సంఘములకు పంచి, ఈ నేర్పును గఱపుచుండెడివి. 2020లో విదేశీ విరాళముల చట్టము సవరింపబడి, అట్టి ధనమును మరియొక సంఘమునకు మార్చుట నిషేధింపబడినది. పాలనావ్యయమునకు నూటికి 50 వంతులుగా నున్న మితి 20కి తగ్గింపబడినది. పరధనముపై అదుపుండవలెననుట న్యాయమే కావచ్చును. ఆ ధనము పల్లెకు చేరకుండుటవలని లోటును పూరింపవలసిన బాధ్యత మాత్రము స్వదేశపు దాతలపై పడినది. తమ దేశపు బిడ్డలను బ్రదికించుకొనుటకు తమ ధనమునే వెచ్చించు జాతికి అది భారము గారాదు.

ఇందుల కాక్షేపణలు లేకపోలేదు. అరకొర విద్య ప్రాణాంతకమని కొందఱు వైద్యులందురు. నేర్పి వదలివేసినచో వారి మాట నిజమే. జామ్‌ఖేడ్‌లోను గడ్చిరోలిలోను కార్యకర్తకు తన హద్దు తెలియును. ఆమె పనిని తరచుగా పరీక్షించువారు కలరు. తన చేతగాని రోగిని పంపుటకు ఆసుపత్రి యున్నది. ఈ మూడును లేని శిక్షణమును మేమును కోరము. ఆరోగ్యము ప్రభుత్వ ధర్మము గదా, సంఘములేలయని మరికొందఱందురు. ప్రభుత్వమును విధినుండి విడిపించుటకు సంఘమును కోరుటలేదు. ఉపకేంద్రమున నర్సు నియమిత దినమున వచ్చినదా, టీకాలు అందినవా, గర్భిణికి బండి సకాలమున దొరకినదాయని అడుగుటకు గ్రామమున నోరుండవలెను. ఒంటరి కూలిస్త్రీ యడిగిన ప్రశ్నను త్రోసివేయుట సులభము. పుస్తకమున తీర్మానము వ్రాసి నలుగురు సంతకములు చేసి పంపిన ప్రశ్నను త్రోసివేయుట అంత సులభము కాదు.

కావున మా పాఠకులకు కొన్ని పనులను సూచించుచున్నాము. పట్టణములలో ఉద్యోగవిరమణ చేసిన బ్యాంకు గుమాస్తాలును, ఉపాధ్యాయులును, తనిఖీదార్లును వేలకొలది గలరు. నెలకు రెండు దినములు ఒక సంఘమునకు పద్దులు వ్రాయ నేర్పినచో అది సామాన్యమైన దానము కాదు. వైద్యులు వారమున కొకపూట కార్యకర్తల ప్రశ్నలకు సమాధానములు చెప్పుటకు కేటాయింపవచ్చును. దాతలు కట్టడమునకిచ్చు ధనములో కొంతభాగమును మూడేండ్ల శిక్షణమునకు ముందుగానే వేరుచేసి, దానిని ఎట్లు వెచ్చింపవలెనో సంఘమునకే విడువవలెను.

భూస్వాములకు మేము చెప్పవలసినది ప్రత్యేకముగా నున్నది. కూలిస్త్రీ శిక్షణమునకు పోయిన నాడు ఆమె కూలి పోవును. ఆ కూలిని నష్టపోలేక పనివంతురాండ్రగు స్త్రీలే సంఘమునకు దూరమగుచున్నారు. పొలముగల ఆసామి ఆనాటి కూలి నిప్పించినచో ఒక కార్యకర్త నిలుచును. సభలో అగ్రాసనము తనదేయని పట్టుపట్టక, ఎన్నికైన స్త్రీ, ఆమె ఏ వాడదైనను, అధ్యక్షత వహించుచుండగా తాను చాపపై గూర్చుండినచో సంఘమునకు ప్రాణము వచ్చును. కలరా గాని, డెంగీ గాని పెద్ద వీధియని జంకి వెనుదిరుగదు. వాడలోని బిడ్డ ఆరోగ్యముగ నుండుట మేడలోని బిడ్డకును రక్ష. ఈ సత్యమును గుర్తించి రానున్న వేసవిలోగా ప్రతి గ్రామమునను ఒక్క సంఘమునకైనను ఈ విద్యను ప్రారంభింప జేయవలసినదిగా మేము కోరుచున్నాము.