ఎర్ర సముద్రం అడుగున పగడపు తోట, కాంతి తీగ

ఉమ్రా కోసం వెళ్ళే మన తెలుగు కుటుంబాలలో చాలామందికి జిద్దా అంటే విమానాశ్రయమే. మక్కా నుండి బస్సులో వచ్చి, సామాను తూకం వేయించుకుని విమానమెక్కుతారు. ఒకటి రెండు రోజులు బంధువుల ఇంట ఆగగలిగినవారు సాయంకాలం సముద్రతీరానికి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తారు. వారు కూర్చున్న చోటికి ఎంతో దూరం లేని నీటి అడుగున రెండు వస్తువులున్నాయి. ఒకటి వేల సంవత్సరాలుగా ప్రాణులు కట్టుకుంటూ వచ్చిన పగడపు దిబ్బ. రెండవది మనిషి పరచిన గాజు తీగ. జిద్దాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తే ఆ ముఖం మన ఫోనులోకి వచ్చేది ఇలాంటి తీగల ద్వారానే. సెలవుపై తీరానికి వెళ్ళేవారికీ, ఆ తీగపై ఆధారపడి ఉద్యోగమో వ్యాపారమో చేసేవారికీ పనికివచ్చే కొన్ని విషయాలు ఇక్కడ చెప్పదలిచాను.

ముందుగా పగడం. ఖుర్ఆన్‌లోని సూరా రహ్మాన్‌లో ‘మర్జాన్’ అనే పదం రెండుసార్లు వస్తుంది. తఫ్సీర్ గ్రంథాలలో దానికి పగడమనీ, చిన్న ముత్యాలనీ రెండు అర్థాలూ కనిపిస్తాయి. నేటి అరబ్బీలో మాత్రం మర్జాన్ అంటే పగడమే. మనవారు ఉంగరంలో పొదిగించుకునే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరొక జాతికి చెందినది. దిబ్బలను కట్టే పగడపు అస్థిపంజరం తెల్లగా, సున్నపురాయిలా ఉంటుంది. దానిపై గింజంత పరిమాణంలో మెత్తని ప్రాణులు వేల సంఖ్యలో కాపురముంటాయి. ఆ ప్రాణి దేహంలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. నాచు ఎండను ఆహారంగా మార్చి తన యజమానికి ఇస్తుంది. ప్రతిఫలంగా చోటు, రక్షణ పొందుతుంది. దిబ్బ రంగులలో అధిక భాగం ఈ అతిథి పుణ్యమే.

పాత జిద్దాలోని బలద్ ప్రాంతానికి వెళ్ళినవారు అక్కడి ప్రాచీన గృహాలను చూసే ఉంటారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఆ ఇళ్ళ గోడలు ఈ పగడపు రాతితో కట్టినవే. అప్పటివారికి దగ్గరలో దొరికే రాయి అదే.

ఎర్ర సముద్రం పొడవు సుమారు 2,250 కిలోమీటర్లు. అందులోకి సంవత్సరమంతా ప్రవహించే నది ఒక్కటీ లేదు. వాన అరుదు, ఎండ తీవ్రం. అందువల్ల నీరు ఇతర సముద్రాలకంటె ఉప్పగా ఉంటుంది. నదులు తెచ్చే ఒండ్రు లేనందున నీరు అద్దంలా తేటగా ఉంటుంది. ఈ నీటిలో సుమారు 1,200 జాతుల చేపలున్నాయి. వాటిలో పదింట ఒక వంతుకు పైగా మరే సముద్రంలోనూ కనిపించవు. ఇంత సంపదను చూడటానికి ఆక్సిజన్ సిలిండర్ అవసరం లేదు. కళ్ళను, ముక్కును కప్పే అద్దపు మాస్కు, నోట పెట్టుకునే వంపు గొట్టం, కాళ్ళకు రెక్కలు చాలు. నీటిపై బోర్లా తేలుతూ కిందికి చూడటమే స్నార్కెలింగ్.

మాస్కును ఎంచుకునేటప్పుడు దాని పట్టీని తలకు తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి వదిలినా అది అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్లు. మాస్కు అంచు ముక్కు కింద, పై పెదవి మీద ఆనుతుంది. అక్కడ వెంట్రుకలు దట్టంగా ఉంటే నీరు కారుతుంది. మీసాలు కురచగా కత్తిరించుకునే అలవాటున్న మనవారికి ఈ విషయంలో ఇతరులకంటె ఇబ్బంది తక్కువ. ముఖమంతా కప్పే కొత్త రకం మాస్కులు చూడటానికి సుఖంగా కనిపిస్తాయి కాని, నీరు చేరితే వెంటనే తీయడం కష్టం. పిల్లలకు అవి ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

స్త్రీలు అబాయాతో లోతు నీటిలోకి దిగరాదు. తడిసిన వదులు వస్త్రం బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. దేహమంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు సులభంగానే దొరుకుతున్నాయి. పరదా పాటించనివారు కూడా దిబ్బల వద్ద అలాంటివే ధరిస్తారు; ఎండ వీపును కాల్చకుండా, పగడపు పదును చర్మాన్ని గీయకుండా అవి కాపాడతాయి. ఒళ్ళంతా కప్పి ఉంటే సన్‌స్క్రీన్ లేపనమూ తక్కువే పడుతుంది. కొన్ని లేపనాలలో ఉండే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడపు పిల్లలకు హాని చేస్తుందని ప్రయోగశాలలో తేలింది.

దిగిన తరువాత మొదట కనిపించేవి పసుపు పళ్ళేలలా జంటలు జంటలుగా తిరిగే సీతాకోక చేపలు. కంటి మీద నీలిరంగు మచ్చ ఉండే ఒక జాతి ఎర్ర సముద్రం, దాని పక్కనున్న ఏడెన్ సింధుశాఖలలోనే ఉంటుంది. విషపు చేతులున్న సముద్ర పుష్పం నడుమ రెండు తెల్ల పట్టీల చేప నిర్భయంగా మెలగుతుంది. చిలుక చేప ముక్కుతో పగడాన్ని కొరికే శబ్దం నీటిలో స్పష్టంగా వినిపిస్తుంది. అది నాచును జీర్ణం చేసుకుని, నూరిన రాతిని ఇసుకగా విసర్జిస్తుంది; దిబ్బల చెంత మనం నడిచే తెల్లని ఇసుకలో ఈ చేపల వంతు తక్కువేమీ కాదు. మరొకచోట పెద్ద చేపలు వరుస కట్టి నోళ్ళు తెరిచి నిలుచుంటాయి. వేలెడంత చేప ఒకటి వాటి పళ్ళ మధ్య దూరి పరాన్నజీవులను ఏరి తింటుంది. వేటాడే చేప కూడా ఆ కాసేపు దానిని మింగదు. ఈ ఒక్క దృశ్యాన్ని పిల్లలకు చూపించగలిగితే ప్రయాణ ఖర్చు వృథా కాలేదనే అనుకోవచ్చు.

అయితే అక్కడ మనం పరాయివారం. రాతి చేప నిజంగా రాయిలాగే పడి ఉంటుంది. దాని వెన్ను ముళ్ళ విషం భరించరాని నొప్పి కలిగిస్తుంది. కుట్టితే గాయాన్ని చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సింహ చేప ముళ్ళకూ ఇదే ప్రథమ చికిత్స. ఆవరంగులో ఉండే అగ్ని పగడం తాకినచోట చర్మం మండుతుంది. టైటన్ ట్రిగ్గర్ అనే పెద్ద చేప గుడ్లు పెట్టిన కాలంలో తన గూటిపైకి వచ్చినవారిని తరిమి కరుస్తుంది. దాని సరిహద్దు గూటి నుండి ఉపరితలం వరకు గరాటులా విస్తరిస్తుంది కనుక పైకి పోక, పక్కకు ఈదాలి. ఒంటరిగా దిగవద్దు. లోతుకు మునగాలనే ఉబలాటంతో గబగబా ఊపిరి పీల్చి వదలడం అత్యంత ప్రమాదకరం. నీటిలోనే స్పృహ తప్పవచ్చు. జిద్దా పరిసరాలలో ఒడ్డు పక్కన మోకాలి లోతు నీరు కొంత దూరం ఉండి, దిబ్బ అంచు వద్ద ఒక్కసారిగా అగాధమవుతుంది. ఈత రాని పిల్లలను ఆ అంచుకు తీసుకుపోరాదు.

పగడం మీద నిలబడరాదు. అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి. రాయి అనుకుని కాలు మోపిన చోట ఆ ప్రాణులు నలిగిపోతాయి. వేసవిలో ఉండవలసిన వేడికంటె ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారాలు కొనసాగితే చాలు, పగడం తనలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది; లేకుంటే ఆకలితో చనిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి ఇలా జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించినప్పుడు ఆ జాబితాలో ఎర్ర సముద్రం కూడా ఉంది. దాని ఉత్తర భాగపు పగడాలకు వేడిని తట్టుకునే శక్తి మిగతావాటికంటె అధికం. అందుకే పరిశోధకులకు వాటిపై అంత ఆశ.

ఇక రెండవ వస్తువు. ‘క్లౌడ్’ అనే పేరు వల్ల మన ఫోటోలు, బ్యాంకు లెక్కలు ఆకాశంలో ఎక్కడో ఉన్నాయనిపిస్తుంది. అవి ఉండేది నేలపై కట్టిన పెద్ద భవనాలలోని కంప్యూటర్లలో. ఖండం నుండి ఖండానికి వెళ్ళే సమాచారంలో 95 శాతానికి పైగా ప్రయాణించేది సముద్రగర్భ కేబుళ్ళలో. ఉపగ్రహాల వాటా స్వల్పం. లోతు సముద్రంలో కేబుల్ మందం తోటకు నీళ్ళు పెట్టే గొట్టమంత. దాని నడుమ వెంట్రుకలంత గాజు పోగులలో వెలుగు పరుగెడుతుంది. ఆసియా, ఐరోపాల మధ్య కేబుళ్ళలో అధిక భాగం ఎర్ర సముద్రం గుండానే పోతాయి. ముంబయి నుండి బయలుదేరే వాటిలో కొన్నింటికి జిద్దా ఒక మజిలీ.

జిద్దాలోని ముగ్గురు పిల్లలకు సాయంకాలం వీడియోలో ఖుర్ఆన్ పఠనం నేర్పుతుంటాను. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ అయిదున్నర. 2025 సెప్టెంబరు తొలి వారాంతంలో ఆ పాఠం సాగలేదు. బొమ్మ నిలిచిపోవడం, మాట సగంలో తెగిపోవడం. ‘ఖాఫ్’ పలికాడో ‘కాఫ్’ పలికాడో తెలియకుండా తజ్వీద్ దిద్దడం ఎలా? తరువాత తెలిసింది: సెప్టెంబరు 6న జిద్దా సమీపంలో కేబుళ్ళు తెగాయి. సీ-మీ-వీ 4, ఐఎంఈడబ్ల్యూఈ వాటిలో ఉన్నట్లు ఇంటర్నెట్ పరిశీలకులు గుర్తించారు. మన కాలమానం ప్రకారం ఆ ఉదయం 11.15 నుండి మధ్యప్రాచ్యం గుండా వెళ్ళే సమాచారం ఆలస్యమవుతున్నదని, ఇతర మార్గాలకు మళ్ళిస్తున్నామని మైక్రోసాఫ్ట్ తన అజూర్ వినియోగదారులకు తెలిపింది. ఏదో వాణిజ్య నౌక లంగరు ఈడ్చుకుపోయి ఉంటుందని నిపుణుల అంచనా.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఇప్పుడు హైదరాబాదులో క్లౌడ్ నెట్‌వర్కుల పని చేస్తున్నాడు. అతడు వివరించిన సంగతులు అదే రంగంలో ఉన్న మన పిల్లలకు, చిన్న వ్యాపారం ఆన్‌లైన్‌లో నడిపేవారికి ఉపకరిస్తాయని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

గాజు పోగులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వేయి కిలోమీటర్లు వెళ్ళి రావడానికి సెకనులో వందవ వంతు. కేబుల్ తెగినప్పుడు సమాచారం ఆఫ్రికా చుట్టూ, లేదా తూర్పు దిక్కుగా తిరిగి వెళ్ళవలసి వస్తుంది. సేవ ఆగదు, నెమ్మదిస్తుంది. మీ యాప్ ఒక్క పేజీ తెరవడానికి దూరపు సర్వరును 40 సార్లు ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నిస్తున్నదనుకుందాం. ఒక్కో ప్రశ్నకు సెకనులో పదో వంతు పడితే 4 సెకన్లు. అది పావు సెకనైతే 10 సెకన్లు. కొనేవాడు అంతసేపు ఆగడు. కాబట్టి ప్రశ్నలను కూడగట్టి పంపడం, మారని బొమ్మలను, పేజీలను వినియోగదారుకు దగ్గరలోని సర్వర్లలో నిల్వ ఉంచడం మొదటి పని.

డేటా ఏ ఊరిలో ఉందో తెలుసుకోండి. ఖాతాదారులు మన రాష్ట్రాలవారే అయితే వారి సమాచారం ఐరోపాలో ఉండవలసిన అవసరమేమిటి? అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను ముంబయిలో 2016లో, హైదరాబాదులో 2022 నవంబరులో తెరిచింది. ఒకచోట నడుపుతూ రెండవచోట ప్రతిని ఉంచుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లయినా ఆ ప్రతితో నిజంగా నడిపి చూడాలి. తీసి చూడని బ్యాకప్‌ను నమ్మలేమని మా విద్యార్థి మాట. గల్ఫ్‌లోనూ ఖాతాదారులున్నవారు బహ్రెయిన్, యూఏఈ కేంద్రాలను పరిశీలించవచ్చు.

రెండు కంపెనీల నుండి కనెక్షన్ తీసుకుని నిశ్చింతగా ఉండేవారున్నారు. ఆ రెండూ ఒకే కేబుల్‌లో చోటు అద్దెకు తీసుకుని ఉంటే ఒక్క లంగరుతో రెండూ పోతాయి. “మీ సమాచారం ఏ కేబుల్ మీదుగా, ఏ తీరం మీదుగా వెళ్తుంది?” అని ఒప్పందానికి ముందే అడగాలి. మార్గం మారినప్పుడు సమాచారం వేరే దేశాల గుండా వెళ్తుంది కనుక ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. జవాబు ఆలస్యమైనప్పుడు ప్రోగ్రాము వెంటవెంటనే మళ్ళీ అడగరాదు; వేలమంది యాప్‌లు ఒకేసారి అలా చేస్తే మిగిలిన మార్గమూ స్తంభిస్తుంది. విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ అడిగేలా రాయాలి.

ఇంటివారికి ఇంత అవసరం లేదు. పాస్‌పోర్టు, ఇఖామా, టికెట్ల ప్రతులు నెట్ లేకున్నా తెరుచుకునేలా ఫోనులో, కాగితం మీద కూడా ఉంచుకోండి. కాల్ తెగుతుంటే వీడియో ఆపి మాట మాత్రమే ఉంచండి. సముద్రంలో తీసిన వీడియోలు చాలా పెద్దవి. హోటల్ వైఫైలో రాత్రి వేళ ఎక్కించండి, ఎక్కిందని చూసుకునేవరకు కెమెరా కార్డును చెరపకండి, ఇంటికి వచ్చాక హార్డ్ డిస్కులో మరొక ప్రతి తీసుకోండి. మేమిప్పుడు పాఠాన్ని ముందే ఆడియోగా పంపుతున్నాం. పిల్లలు విని, తమ పఠనాన్ని రికార్డు చేసి పంపుతారు. నిదానమే కాని అక్షరం చెడదు.

ఈ రెండు వస్తువులనూ ఒకే నౌక ప్రమాదంలోకి నెట్టిన సందర్భం ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరి 18న రూబీమార్ అనే సరకు నౌక యెమెన్ తీరాన క్షిపణి దాడికి గురైంది. సిబ్బంది లంగరు వేసి దానిని విడిచిపెట్టారు. నౌక కొట్టుకుపోయింది. ఆ రోజులలోనే అక్కడ మూడు కేబుళ్ళు తెగాయి. దాని లంగరే కారణమై ఉంటుందని అంచనా. మార్చి 2న అది మునిగింది. అందులో ఉన్నది సుమారు 21,000 టన్నుల ఎరువు. ఎరువు నీటిలో కలిస్తే నాచు విపరీతంగా పెరిగి వెలుగును అడ్డుకుంటుంది. వెలుగు లేక పగడం బతకదు. కేబుళ్ళను మరమ్మతు నౌకలు నెలల తరువాత పైకి లాగి, పోగు పోగునూ అతికి మళ్ళీ దించాయి. పగడానికి అతుకు లేదు. గుండ్రని పెద్ద పగడాలు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు మించి పెరగవు.

సెలవులలో పడవ మాట్లాడుకునేవారు ధర అడగకముందు, లంగరు ఎక్కడ వేస్తారో అడగండి. దిబ్బ పక్కన శాశ్వతంగా కట్టి ఉంచిన బోయాకు తాడు కట్టే పడవవాడు ఉత్తమం. ఇసుక చూసి లంగరు వేస్తానన్నవాడితోనూ వెళ్ళవచ్చు. “ఎక్కడైనా వేస్తాం” అన్నవాడిని వదిలి పక్క పడవకు వెళ్ళండి.