దూరతీరాలకు చేరిన స్వరం

ఒక దేశం తన ప్రజలతో మాట్లాడడం ఒక ఎత్తు. పరదేశ ప్రజలతో మాట్లాడి వారి నమ్మకాన్ని పొందడం మరొక ఎత్తు. దూరదేశపు శ్రోత మీట తిప్పితే చాలు, ఆ స్వరం మూగబోతుంది. బ్రిటన్ దేశపు ప్రసార సంస్థ బి.బి.సి. చరిత్ర ఈ సత్యాన్ని చక్కగా తెలుపుతుంది.

1932 డిసెంబరు 19న ఆ సంస్థ ‘ఎంపైర్ సర్వీస్’ పేరుతో విదేశీ ప్రసారాలను ప్రారంభించింది. ఇంగ్లండులోని డావెంట్రీ కేంద్రం నుండి వెలువడిన షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న విద్యుదావేశిత పొరను తాకి, పరావర్తనం చెంది, వేల మైళ్ల దూరంలో నేలకు దిగేవి. భాష ఆంగ్లమొక్కటే. సామ్రాజ్యపు నలుమూలలా స్థిరపడిన ఆంగ్లేయులే ముఖ్య శ్రోతలు. తొలినాళ్ల కార్యక్రమాలు అంత ఆసక్తికరంగా గాని, అంత బాగా గాని ఉండబోవని సంస్థ అధిపతి జాన్ రీత్ ప్రారంభ సమయంలోనే చెప్పడం విశేషం.

ఇటలీ అరబ్బీ భాషలో బ్రిటన్‌కు వ్యతిరేకంగా ప్రచారం సాగించడంతో, బి.బి.సి. 1938 జనవరి 3న అరబ్బీ ప్రసారాలను మొదలుపెట్టింది. అన్యభాషలో దానికి అదే తొలి అడుగు. పాలస్తీనాలో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం ఆజ్ఞపై ఒక అరబ్బును ఉరితీసిన వార్త ఆ మొదటి వార్తలలోనే వినిపించింది. విదేశాంగ శాఖ అసంతృప్తి చెందింది. అయినా, అప్రియమైనంత మాత్రాన సత్యాన్ని దాచడం తమ విధానం కాదని సంస్థ స్పష్టం చేసింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్రసార భాషలు నలభైకి మించాయి. 1940 మే 11న హిందుస్తానీ ప్రసారాలు మొదలయ్యాయి. తరువాత ప్రసిద్ధ నటుడైన బల్రాజ్ సాహ్నీ అక్కడ అనౌన్సరుగా పనిచేశారు. జర్మనీ ఆక్రమించిన దేశాలలో ఈ ప్రసారాలను వినడం నేరం. అయినా ప్రజలు తలుపులు మూసుకొని, స్వరం తగ్గించి వినేవారు. తన పక్షపు ఓటములను కూడా చెప్పిన స్వరం గనుకనే, అది విజయాన్ని ప్రకటించినప్పుడు వారు విశ్వసించారు.

అయితే ఈ చరిత్రకు మరొక పార్శ్వమూ ఉంది. యుద్ధకాలంలో విదేశీ ప్రసారాల వ్యయాన్ని భరించినది బ్రిటిష్ ప్రభుత్వమే. లోకానికి స్వేచ్ఛను గురించి బోధించిన ఆ ప్రభుత్వమే 1942లో భారత జాతీయ నాయకులను చెరసాలలో బంధించింది. అటువంటప్పుడు భారతీయులు లండన్ మాటలను సంశయంతో వినడం సహజం. భారత శ్రోతల కోసం కార్యక్రమాలు రూపొందించిన రచయిత జార్జ్ ఆర్వెల్ తన శ్రమ నిష్ఫలమని భావించి 1943లో ఆ ఉద్యోగాన్ని విడిచిపెట్టాడు. వార్త సత్యమైనంత మాత్రాన చాలదు. చెప్పేవాని నడత కూడా దానికి సాటిరావాలి.

1965లో ఈ విభాగానికి ‘వరల్డ్ సర్వీస్’ అనే పేరు స్థిరపడింది. కాలక్రమంలో షార్ట్‌వేవ్ ప్రాభవం తగ్గింది. 2017 అక్టోబరు 2న తెలుగు సేవ అంతర్జాలంలో ఆరంభమైంది. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరిలోను, ఎనభై ఐదేళ్ల అరబ్బీ రేడియో 2023 జనవరిలోను ముగిశాయి. సాధనాలు మారవచ్చు. కాని తనకు ప్రతికూలమైన వార్తను సైతం దాచని స్వరానికే దూరాన ఉన్న శ్రోత చెవియొగ్గుతాడన్నది నేటికీ మారని సత్యం.