మీకు తెలుసా? తాగుడు హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బాధితుల తాకిడి ఒక్కసారిగా పెరిగింది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు ఆ మత్తును తట్టుకునేందుకు తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది గనుక, తాగుడు ఉన్నట్టుండి ఆగితే కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమట, తొలి 2 రోజుల్లో మూర్ఛ, ఆపై లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్లు తోచే 'డెలీరియం ట్రెమెన్స్' అనే ప్రాణాంతక మతిభ్రమ రావచ్చు. అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికీ ఇటువంటి ముప్పే ఉంటుంది. వైద్యులు నరాలను శాంతపరిచే మందులను క్రమంగా తగ్గిస్తూ, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తూ మాన్పిస్తారు. మానాలన్న సంకల్పం ఎంతో మెచ్చదగినదే అయినా, జనగామ జిల్లా నర్మెట్ట పరిసరాల వారు ముందుగా జనగామ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులను సంప్రదించాలి. మూర్ఛ వస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి.