అడవి పశువులకు, ఊరి పశువులకు నడుమ పిడుదుల లెక్క

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల రైతులకు పిడుదు కొత్త కాదు. పశువుల చెవులను, పొదుగును పట్టుకుని రక్తం పీల్చే ఈ చిన్న జీవి థైలీరియా వంటి ప్రాణాంతక జ్వరాలను కూడా మోసుకొస్తుంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచుల్లో, 2020లో జాతీయ గుర్తింపు పొందిన పొడ తూర్పు ఆవులు, మచ్చల జింకలు ఒకే అడవిలో మేస్తాయి. ఎవరి వల్ల ఎవరికి వ్యాధి సోకుతుందో కంటితో చూసి చెప్పడం కష్టం. ఇక్కడ గణితం తోడ్పడుతుంది.

ఈ గణితానికి తెలంగాణతో పాత బంధమే ఉంది. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సర్ రొనాల్డ్ రాస్, 1911 నాటి తమ గ్రంథంలో వ్యాధి వ్యాప్తిని సమీకరణాలుగా రాశారు. దోమలన్నింటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు చేరితే మలేరియా దానంతటదే సన్నగిల్లుతుందని నిరూపించారు.

పిడుదు లెక్క మరింత చిక్కైనది. దోమ పదేపదే కుడుతుంది. పిడుదు మాత్రం పెరుగుదలలోని ఒక్కో దశలో ఒక్కసారే కడుపారా రక్తం తాగుతుంది. ఒక దశలో అంటించుకున్న థైలీరియా క్రిమిని తర్వాతి దశలో మరో పశువుకు చేరుస్తుంది. కనుక శాస్త్రజ్ఞులు ప్రతి జంతుజాతికి రెండు అంకెలు విడివిడిగా కడతారు: అది ఎన్ని పిడుదులను పోషిస్తుంది, వాటిలో ఎన్నింటికి క్రిమిని అంటిస్తుంది. ఒక రోగగ్రస్త జంతువు నుంచి సగటున ఒకటి కన్నా ఎక్కువ జంతువులకు వ్యాధి చేరితేనే అది నిలుస్తుంది.

స్కాట్లాండ్ కొండల్లో ఎర్ర జింకలు పిడుదులను పోషిస్తాయే గాని లూపింగ్ ఇల్ వైరస్‌ను వ్యాపింపజేయవు. ఆ పని గ్రౌజ్ పక్షులది. వాటిలో అనేకం ఆ వ్యాధికే బలవుతాయి. జింకలు కొంత పెరిగితే వ్యాధి నిలదొక్కుకుంటుందని, మరీ పెరిగితే కాట్లన్నీ వాటిపైనే వృథా అయి వ్యాధి తగ్గవచ్చని 1990ల చివరి నాటి గణిత నమూనాలు తెలిపాయి. కర్ణాటకలో 1957లో బయటపడిన క్యాసనూరు అటవీ వ్యాధిలో పశువులది జింకల పాత్రే. అవి పిడుదులను పెంచుతాయి. వైరస్ మాత్రం కోతుల్లోను, ఎలుకల వంటి చిన్న జంతువుల్లోను తిరుగుతుంది.

థైలీరియాలో అలా కాదు, ఆవు రెండు పాత్రలూ పోషిస్తుంది. కోలుకున్న ఆవు రక్తంలోనూ క్రిమి చాలాకాలం మిగిలే ఉంటుంది. రక్తం తాగి రాలిన ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. అందుచేత సగం మందకు మందు కొట్టి ఊరుకుంటే మిగిలిన సగం ఆ లోటు పూడుస్తుంది. అడవికి తోలే ముందు, పశువైద్యుని సలహాపై, మంద మొత్తానికీ ఒకేసారి మందు కొట్టించాలి. కొట్టాల గోడల పగుళ్లనూ విడిచిపెట్టరాదు. థైలీరియాను మోసే హయలోమా పిడుదులు దాగేది అక్కడే.