సంక్రాంతికి సెలవు దొరకని పని: పక్షుల గైడు బతుకు

జనవరి దగ్గర పడితే జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో మాటలన్నీ రైలు టికెట్ల చుట్టూనే తిరుగుతాయి. ఉక్కు కర్మాగారంలో పని కోసం తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలివి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. ఇంట్లో తెలుగు ఉంది. అయినా పండక్కి ఊరు వెళ్లి రావాలని ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో ఇంటికి వెళ్లలేని మనిషి ఒకరున్నారు. పక్షులను చూపించి బతికే గైడు. తూర్పు తీరంలో అతనికి పంట చేతికొచ్చే నెల అదే.

ఈ వృత్తి గురించి మనకు తెలిసింది తక్కువ. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని అడవుల్లో తిరిగే సరదా పని అనుకుంటాం. ఒక ఊళ్లో చెరువు బతకాలా, పూడిపోవాలా అన్నది కొన్నిచోట్ల ఈ పని మీదే ఆధారపడి ఉంది. అందుకే దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

తెల్లవారకముందే మొదలయ్యే రోజు

గైడు రోజు నాలుగు గంటలకు మొదలవుతుంది. పక్షులు ఎక్కువగా కూసేది, తిరిగేది సూర్యోదయానికి కాస్త ముందు నుంచి రెండు మూడు గంటల వరకే. అతిథులను గదుల దగ్గర నుంచి తీసుకుని, వెలుగు పడే సరికి చెరువు గట్టు మీదో అడవి అంచునో నిలబెట్టాలి. ఎండ ముదిరాక విరామం. సాయంత్రం మళ్లీ రెండు గంటలు. గుడ్లగూబల కోసమైతే చీకటి పడ్డాక ఇంకో విడత. భోజనాల దగ్గర ఆ రోజు చూసిన పక్షుల పేర్లు ఒక్కొక్కటే చదివి జాబితా సరిచూసుకోవడంతో రోజు ముగుస్తుంది.

ఇందులో కంటికన్నా చెవికి పని ఎక్కువ. దట్టమైన ఆకుల మధ్య ఉన్న పిట్టను ముందు కూతతోనే పట్టుకోవాలి. ఫోన్‌లో దాని కూత వినిపిస్తే మగపిట్ట ‘నా హద్దులోకి ఎవరో వచ్చారు’ అనుకుని బయటికి వస్తుంది. ఫొటో బాగా వస్తుంది. కానీ గూడు కట్టే కాలంలో పదేపదే అలా చేస్తే ఆ పిట్ట తిండి మానేసి, గూడు వదిలేసి, లేని శత్రువు కోసం తిరుగుతుంది. ఎప్పుడు వినిపించాలో, ఎప్పుడు ఫోన్ జేబులో పెట్టుకోవాలో తెలిసినవాడే మంచి గైడు. డబ్బిచ్చిన అతిథికి ‘వద్దు’ అని చెప్పగలగడం ఈ పనిలో కష్టమైన భాగం.

రోజు చివర రాసే జాబితాకు ఇంకో విలువ ఉంది. 2002లో అమెరికాలో మొదలైన ‘ఈబర్డ్’ వేదికలో మన దేశపు పక్షి ప్రేమికులు, గైడ్లు ఎక్కించిన జాబితాలే ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికకు ఆధారం. 2023 నివేదిక ప్రకారం, దీర్ఘకాలిక ధోరణి చెప్పగలిగిన 338 జాతుల్లో 204 తగ్గిపోయాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట పన్నెండేళ్లలో దాదాపు 30 శాతం తగ్గింది. దసరా నాడు పాలపిట్ట కనబడలేదని మనం అనుకునే మాటను అంకెల్లోకి మార్చింది ఇలాంటి జాబితాలే.

బ్రెజిల్‌లో ఎలా ఉంది?

ఈ వృత్తి బాగా వేళ్లూనుకున్న దేశాల్లో బ్రెజిల్ ఒకటి. అక్కడి పక్షి శాస్త్రవేత్తల 2021 జాబితాలో 1,971 జాతులున్నాయి. మన దేశంలో 1,350కి పైగా. 2008లో మొదలైన ‘వికీఆవెస్’ వెబ్‌సైట్‌లో అక్కడి మామూలు మనుషులు తీసిన ఫొటోలు, రికార్డు చేసిన కూతలు మునిసిపాలిటీల వారీగా చేరతాయి. మా ఊరి జాబితాలో ఇంకో పక్షి చేరాలన్న పట్టుదల వల్ల సొంత దేశంలోనే పక్షుల కోసం తిరిగేవాళ్లు పెరిగారు. గైడ్లకు విదేశీయుల మీదే ఆధారపడాల్సిన అవసరం తగ్గింది.

కాలం లెక్క మాత్రం మనకు తలకిందులు. పంతనాల్ చిత్తడి నేలలకు ఎండాకాలం జులై నుంచి అక్టోబరు వరకు. అట్లాంటిక్ అడవిలో పిట్టలు జోరుగా కూసేది సెప్టెంబరు నుంచి నవంబరు వరకు. అవి ముగిశాక క్రిస్మస్ వస్తుంది. గైడు ఇంటికి వెళ్లడానికి వీలుంటుంది. మనకు వలస పక్షులు నవంబరులో దిగి ఫిబ్రవరి చివరి నుంచి తిరుగుముఖం పడతాయి. నడిమధ్యలో సంక్రాంతి. కాబట్టి ఇక్కడి గైడు అమ్మానాన్నలను చూసేది పండక్కి కాదు, ఎండాకాలంలో. మిగతా నెలల్లో వ్యవసాయమో, చేపల వేటో, డ్రైవింగో చేసుకోవాలి. నాలుగు నెలల సంపాదనతో పన్నెండు నెలలు నడిపే ఇల్లు అది.

జంషెడ్‌పూర్‌లో ఏముంది, ఏం లేదు

ఉక్కు నగరం అనగానే పొగ గొట్టాలు గుర్తొస్తాయి గానీ, పక్షులకు కావలసినవి ఇక్కడ చాలానే ఉన్నాయి. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే దోముహానీ నగరంలోనే ఉంది. నగరానికి నీళ్ల కోసం టాటా స్టీల్ కట్టించిన డిమ్నా జలాశయం దల్మా కొండల పాదాల దగ్గర ఉంది. ఆ కొండల మీద 1976లో ఏర్పడిన దల్మా అభయారణ్యం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. మకులాకోచా గేటు నుంచి లోపలికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది చూడాలనుకునేది ఏనుగులను. తల పైన కూసేదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఈ ప్రాంతపు పక్షులను పట్టించుకున్న ఒక మహిళను మాత్రం తలచుకోవాలి. జమాల్ ఆరా. 1923లో పుట్టారు. పదో తరగతి దాటి చదవలేదు. రాంచీలో ఉంటూ ఛోటానాగ్‌పూర్ అడవుల్లో తిరిగి, చూసింది చూసినట్టు రాసుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసాలు ప్రచురించారు. పిల్లల కోసం ఆమె రాసిన ‘వాచింగ్ బర్డ్స్’ పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ 1970లో వేసింది. భారతదేశపు తొలి మహిళా పక్షి శాస్త్రవేత్తగా ఇప్పుడు ఆమెను గుర్తిస్తున్నారు. 1995లో చనిపోయే నాటికి ఆమెను గుర్తుపెట్టుకున్నవాళ్లు కొద్దిమందే.

ఇంత ఉన్నా, పక్షులను చూపించడం మీద ఒక ఊరు ఊరే బతికే చోటు జంషెడ్‌పూర్ చుట్టుపక్కల లేదు. దల్మా పల్లెల్లోని సంతాలీ, హో, ముండా కుటుంబాల్లో కూతను బట్టి పిట్టను చెప్పగలిగేవాళ్లు ఉన్నారు. ఏటా వేసవిలో అక్కడ ‘సెంద్రా’ అనే వేట పండుగ జరుగుతుంది. జంతువులను చంపకుండా దాన్ని ఆచారం వరకే జరుపుకోమని అటవీ శాఖ ప్రతి ఏడూ నచ్చజెబుతుంటుంది. వేటగాడికి తెలిసినంతగా అడవి ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివికి వేరే జీతం దొరికితే ఏమవుతుంది? జంషెడ్‌పూర్ తెలుగువాళ్లు ఊరికి వెళ్లే రైలు దారిలోనే దీనికి జవాబు ఉంది.

ఇంటి దారిలో మూడు ఊళ్లు

టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ చేరి కోస్తా లైను పట్టుకుంటే, భువనేశ్వర్ దాటాక పట్టాలు చిలికా సరస్సు పక్కగా సాగుతాయి. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాలో చేరిన మొదటి రెండు చోట్లలో చిలికా ఒకటి. దాని ఉత్తరపు అంచున ఖుర్దా జిల్లాలో మంగళజోడి ఉంది. 1990లలో ఆ ఊరి పేరు చెబితే పక్షుల వేట గుర్తొచ్చేది. విషం పెట్టి, వల వేసి పట్టిన బాతులు దాబాలకు, సంతలకు వెళ్లేవి. ‘వైల్డ్ ఒరిస్సా’ అనే సంస్థ వేటగాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడింది. 2000 ప్రాంతంలో వాళ్లే శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలా మొదలుపెట్టారు. పక్షి ఎక్కడ మేస్తుందో, ఎప్పుడు లేస్తుందో వాళ్లకు ముందే తెలుసు. పడవ అదే, గెడకర్ర అదే. పడవలో కూర్చునేది మాత్రం కెమెరా పట్టుకున్న అతిథి. ఆ ఊరి ఎకో టూరిజం ట్రస్టుకు 2018లో ప్రపంచ పర్యాటక సంస్థ అవార్డు వచ్చింది. చలికాలంలో లక్షల పక్షులు దిగే చోటుగా ఇప్పుడు దానికి పేరు.

ఆంధ్రాలోకి అడుగుపెట్టగానే వచ్చేది ఇచ్ఛాపురం. దానికి దగ్గరలో తేలుకుంచి. తొలకరికి అక్కడ నత్తగుల్ల కొంగలు దిగి, ఇళ్ల మధ్య చింత, రావి చెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. కొట్టనివ్వరు, గూళ్లు కదపనివ్వరు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండే ఈ కొంగకు నత్తలే ఆహారం. వరి పొలాల్లో నత్తలు తగ్గుతాయి కాబట్టి నమ్మకంలో లాభం కూడా కలిసి ఉంది.

పలాస దాటాక నౌపడ దగ్గర తేలినీలాపురం. చలికాలంలో అక్కడి చెట్లు గూడబాతులతో, ఎర్రకాళ్ల కొంగలతో నిండిపోతాయి. రెట్టల కంపు భరించి, ఇళ్ల పక్కన చెట్లు కొట్టకుండా ఉంచుకున్న ఊరు అది. మంగళజోడితో పోలిస్తే ఈ రెండు ఊళ్లదీ ముందు నుంచీ రక్షణే. కానీ దాని మీద వచ్చే రాబడి తక్కువ. చూడటానికి వచ్చేవాళ్లు కారు దిగి, ఫొటో తీసుకుని, అరగంటలో వెళ్లిపోతారు. పక్షిని కాపాడే కుటుంబానికీ, దాన్ని చూసి వెళ్లే కుటుంబానికీ మధ్య ఉండాల్సిన మనిషే గైడు.

‘సైబీరియా నుంచి’ అన్న మాట

గైడు ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చాలు. తేలుకుంచి, తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయని ఏటా వింటూనే ఉంటాం. అది నిజం కాదు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మూడూ దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షులే. నీళ్లు, మేత ఎక్కడుంటే అక్కడికి కాలాన్ని బట్టి మన ప్రాంతంలోనే తిరుగుతాయి. నిజంగా హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. మన కవులు విరహానికి గుర్తుగా చెప్పిన చక్రవాకం టిబెట్, మధ్య ఆసియాల్లో పిల్లలను చేసి చలికాలానికి మన నదీ తీరాలకు దిగుతుంది. పొన్నంగి పిట్ట దారి ఇంకా ఆసక్తికరం. ఉత్తర, మధ్య భారతపు అడవుల్లో వానాకాలంలో గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వెళ్తుంది.

ఈ తేడా తెలియడం చదువు కోసమే కాదు. సైబీరియా పక్షి అనుకుంటే ‘ఇక్కడ రాకపోతే ఇంకో దేశానికి పోతుందిలే’ అని సరిపెట్టుకుంటాం. మన పక్షి అని తెలిస్తే, దానికి ఈ చెరువు, ఈ చింతచెట్టు తప్ప వేరే దిక్కు లేదని అర్థమవుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. గూళ్లకు పెద్ద చెట్లే ఆధారమైన ఊళ్లకు అలాంటి తుపాను ఒక తరం వెనక్కి నెట్టే దెబ్బ. 2021 డిసెంబరు, ఆ తర్వాతి నెలలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పరాన్నజీవి నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. అలాంటప్పుడు మొదటి పక్షి నేల మీద పడ్డ రోజునే గుర్తించగలిగేది రోజూ చెట్టు కింద నిలబడే మనిషే. నెలకోసారి వచ్చే అధికారి కాదు.

గైడు నిలబడాలంటే

మూడు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పనికి కావలసినవి తేలిపోతాయి. మొదటిది స్థానికుడే గైడు కావడం. బయటి నుంచి వచ్చిన నిపుణుడు పేర్లు చెప్పగలడు గానీ చెట్టుకు కాపలా ఉండలేడు. రెండోది రుసుములో ఊరికి వాటా. మంగళజోడిలో మార్పు నిలబడింది పక్షి బతికి ఉంటే పడవవాడి ఇల్లు గడుస్తుంది కాబట్టి. మూడోది శిక్షణ: కూతలు, జాబితా రాయడం, గూడుకు ఎంత దూరంలో ఆగాలన్న నియమం, తెలుగులోనో హిందీలోనో నాలుగు మాటలు నిజం చెప్పగలగడం. నాలుగోది పక్షులు లేని నెలలకు ఇంకో ఆదాయం.

జార్ఖండ్‌కు ఇది చర్చించుకునే సమయం కూడా. సాహిబ్‌గంజ్ జిల్లాలోని ఉధ్వా సరస్సు 2025 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు మొదటి రామ్‌సర్ చోటు అయింది. గుర్తింపు పత్రం వల్ల మాత్రమే ఏ చెరువూ బతకదు. దాని గట్టు మీద తెల్లవారుజామున నిలబడే మనిషి ఉండాలి, ఆ మనిషికి రోజు గడవాలి. ఉధ్వాకైనా, దల్మాకైనా, డిమ్నాకైనా ఇదే లెక్క.

ఈసారి పండక్కి టాటానగర్ నుంచి ఊరికి వెళ్లేవాళ్లు చిలికా దగ్గర కిటికీ పక్కన కూర్చోండి. నౌపడలో దిగి తేలినీలాపురం వెళ్లండి. అరగంటలో తిరిగి రాకండి. ఊళ్లో పక్షుల గురించి తెలిసిన కుర్రాడు ఎవరని అడిగి, అతనితో ఒక ఉదయం గడిపి, ఆ ఉదయానికి ఇవ్వాల్సిన డబ్బు అతని చేతికే ఇవ్వండి. పిల్లలకు గూడబాతును చూపించి, అది సైబీరియాది కాదు, మన ఊరిదేనని అతనే చెబుతాడు.