లక్క రికార్డులో రాక్ ఆల్బమ్ ఎందుకు పట్టలేదు?

నక్కపల్లి పాఠకుడొకరు అడిగారు: "మా దగ్గరి ఏటికొప్పాకలో బొమ్మలకు పట్టించే లక్కతోనే పాత గ్రామఫోన్ రికార్డులు చేసేవారట, నిజమేనా? మరి పేరుమోసిన రాక్ ఆల్బమ్‌లు ఆ రికార్డుల మీద ఎందుకు రాలేదు?" మొదటిదానికి జవాబు తేలిక. నిజమే. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగు వదిలే జిగురే రెండింటికీ మూలం. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తితే, రాపిడి వేడికి కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రికార్డుల ఫ్యాక్టరీలోనూ అక్కరకొచ్చింది ఆ గుణమే. వేడి ముద్దను రెండు లోహపు అచ్చుల మధ్య నొక్కి చల్లార్చితే, శబ్దాన్ని అలలుగా మోసే గాడి గట్టిపడుతుంది. కలకత్తా డమ్ డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ 1960ల నడిమి దాకా రాక్ బృందం బీటిల్స్ పాటలను కూడా ఇలాంటి 78 రికార్డులుగా (నిమిషానికి 78 సార్లు తిరిగేవి) అచ్చేసింది. అయితే విడి పాటలుగానే. అసలు కథంతా ఆ 'విడి'లోనే ఉంది. రాక్ ఆల్బమ్‌ను మేధావుల సృష్టిగానే చెప్పుకుంటాం గానీ, గాడి సన్నబడకపోతే ఆ మేధకు చోటే దొరికేది కాదని నా వాదన.

లక్క రికార్డులో లక్క పాతిక శాతమో, అంతకన్నా తక్కువో. మిగిలిందంతా పలకరాయి, సున్నపురాయి పొడి, నల్లని మసి, కాస్త దూది పీచు. పాట వినిపించే వస్తువులో రాతిపొడి ఎందుకు? ఉక్కు సూదిని అరగదీయడానికే! కొత్త సూది మొన గాడికి సరిగ్గా అమరదు. వంద గ్రాములకు పైబడిన బరువుతో అది గాడి మీద ఆనుతుంది. మొదటి కొన్ని చుట్లలోనే రాతిపొడి ఆ మొనను సానబట్టి గాడి ఆకారానికి తెస్తుంది. అందుకే పక్క మార్చినప్పుడల్లా సూది మార్చమనేవారు. ఈ తెలివికి మూల్యం బుస్సుమనే రొద. ప్రతి రాతి రేణువూ సూదిని కదిపి తన చప్పుడు తాను చేస్తుంది. ఆ రొదను మించి పాట వినబడాలంటే గాడిలోని అలలు పెద్దవిగా ఉండాలి, గాడి వెడల్పుగా ఉండాలి, పళ్లెం వేగంగా తిరగాలి. ఇక లెక్క చూడండి. అంగుళానికి సుమారు 90 చుట్లు, మూడంగుళాల మేర 270 చుట్లు, నిమిషానికి 78 తిరుగుళ్లు. వెరసి మూడున్నర నిమిషాలు. మన సినిమా పాట నిడివిని కూడా ఏ సంగీత దర్శకుడికన్నా ముందు ఈ భాగహారమే తేల్చింది.

గాడిని సన్నబరిస్తే సరిపోతుందనుకుని ఎడిసనంతటివాడు బోల్తాపడ్డాడు. 1926లో అంగుళానికి 450 చుట్లతో పన్నెండంగుళాల రికార్డులో పక్కకు 20 నిమిషాలు ఇరికించాడు. సూది పక్క గాడిలోకి దూకేది, శబ్దం పీలగా వచ్చేది. కొద్దికాలానికే వాటిని ఆపేశారు. 1931లో ఆర్‌సీఏ విక్టర్ నిమిషానికి 33⅓ తిరుగుళ్ల రికార్డును ప్లాస్టిక్‌తో చేసింది కానీ, సూదిని మోసే తల బరువు తగ్గలేదు. మెత్తని గాడి ఇట్టే అరిగిపోయింది. ఆపై యుద్ధం వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్క మీద కోత పెట్టింది. సైనికులకు పంపిన రికార్డులకు వైనిల్ వాడారు. 1948లో కొలంబియా కంపెనీ వైనిల్, తేలికపాటి తల, సన్నగాడి మూడింటినీ ఒక్కచోట చేర్చి ఎల్పీ రికార్డును తెచ్చింది. రాతిపొడి పోయింది, రొద తగ్గింది, చిన్న అల కూడా వినబడింది. అంగుళానికి 230 చుట్ల లెక్కన మూడుంపావు అంగుళాల మేర సుమారు 750 చుట్లు. నిమిషానికి 33⅓ తిరిగితే 22 నిమిషాలకు పైనే.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కిటుకు. బేస్ గిటార్, డ్రమ్ముల అడుగు స్వరాలు గాడిని బాగా అటూ ఇటూ ఊపుతాయి. ఉన్నదున్నట్టు చెక్కితే పక్క గాడిని కొట్టేస్తాయి. అందుకని చెక్కేటప్పుడు అడుగు స్వరాలను అణచి, పై స్వరాలను పెంచుతారు. వినిపించేటప్పుడు యాంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. పై స్వరాలను కిందికి దించినప్పుడు వాటితోపాటు మిగిలిన రొద కూడా అణగుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు! 1954లో అమెరికాలో కుదిరిన ఈ ప్రమాణం ప్రకారం, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్ల అణచివేత, 20,000 హెర్ట్జ్ దగ్గర అంతే పెంపు. రాక్ సంగీతానికి వెన్నెముకైన ఆ అడుగు దరువు సన్నగాడిలో ఇమిడింది ఈ లెక్కతోనే.

ఆల్బమ్‌ను చేసింది గాడి కాదు, టేపు అనే ఆక్షేపణ ఉంది. 1967 నాటి బీటిల్స్ ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్స్' నాలుగు ట్రాకుల టేపు మీద పొరలు పొరలుగా కట్టిందే. ఒప్పుకుంటాను. కానీ టేపు శబ్దాన్ని కట్టింది. నిడివినీ వరసనూ నిర్ణయించింది గాడే. ఎల్పీ అంచున గాడి సూది కింద సెకనుకు అర మీటరు పరిగెడితే, లోపలి చుట్టులో 20 సెంటీమీటర్లే. అక్కడ పై స్వరాల అలలు ఇరుకై మసకబారతాయి. హోరెత్తే పాట ముందు, నెమ్మది పాట చివర అన్న ఆనవాయితీకి ఇదీ ఒక కారణం. మరి మనకూ ఎల్పీలు వచ్చాయి, తెలుగు రాక్ ఆల్బమ్ ఏదీ అంటారా? పదార్థం చోటు ఇస్తుందే తప్ప ఆజ్ఞ ఇవ్వదు. సినిమా పాట మూడున్నర నిమిషాల్లోనే హాయిగా ఉండిపోయింది. ఆ జాగాను మనవాళ్లు ఘంటసాల భగవద్గీతకు వాడుకున్నారు. తక్కువ వాడకమేమీ కాదది.

ఉపయోగం లేనిదే విజ్ఞానం చదవమనేవారికి ఒక్క ముక్క. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఇంట్లో 78 రికార్డులుంటే దుమ్ము వదలడానికి స్పిరిట్, శానిటైజర్ పొరపాటున కూడా వాడకండి. తడి గుడ్డతో పైపైన తుడిచి ఆరబెట్టండి.