పడుగూ పేకా... ఓ పాట!

'ఏంరా, మాటల్లేకుండా ఇదేం పాట? పాడేటోళ్లు ఎప్పుడొస్తారు?'

ఎమ్మిగనూరులో మా మేనమామ ఇంట్లో తొలిసారి ఇలాంటి ఆల్బమ్ పెట్టినప్పుడు ఆయన వేసిన ప్రశ్న ఇది. ముప్ఫయ్యేళ్లు గుంట మగ్గంలో కూర్చుని నేసిన మనిషి. పావుగంట కళ్లు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత ఆయనే తేల్చేశాడు... 'ఇది నేతే కదరా! పడుగంతా ఒకటే. పేక రంగు మాత్రం మెల్లగా మారతా ఉంటాది.'

పుస్తకాలు తిరగేసినా ఇంతకన్నా మంచి వివరణ దొరకదు. ప్రోగ్రెసివ్ రాక్, యాంబియెంట్, న్యూ ఏజ్... పేర్లు విని బెదరక్కర్లేదు. మూడు నిమిషాల పాట చాలదనుకున్న ఇంగ్లండ్ కుర్రాళ్లు 1960ల చివర్లో కథలా సాగే పొడవాటి పాటలు కట్టారు. అది ప్రోగ్రెసివ్ రాక్. గదిలో అగరుబత్తి వాసనలా పరుచుకునేది యాంబియెంట్. ధ్యానానికీ విశ్రాంతికీ తోడుగా ఉండేది న్యూ ఏజ్.

మన పాలకొల్లు మాండలిన్

ఈ సంగీతంలో మన తెలుగువాడి సంతకమూ ఉంది. ఆయనే మాండలిన్ యు.శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు. మాండలిన్ తీగ మీటగానే మోగి, అంతలోనే ఆగిపోతుంది. కర్ణాటక సంగీతంలోని గమకాలకు నాదం సాగాలి. అందుకే జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారాయన.

1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ చేశారు. మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే గిటారును తయారుచేసుకున్న ఘనుడు బ్రూక్. ఆ నాదం తంబురా శ్రుతిలా కింద పరుచుకుంటే, దాని మీద మాండలిన్ నడుస్తుంది. మామ చెప్పిన పడుగూ పేకా అదే! దాన్ని విడుదల చేసిన రియల్ వరల్డ్ సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన పీటర్ గాబ్రియేల్, 'జెనెసిస్' అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో ఒకప్పటి గాయకుడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ కన్నుమూశారు. 'డ్రీమ్' మిగిలింది.

మంచం మీద పుట్టిన ఆలోచన

1975లో బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు ప్రమాదానికి గురై మంచాన పడ్డాడు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు పెట్టి వెళ్లింది. శబ్దం మరీ తక్కువ. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన. ఆ చినుకుల చప్పుడులో సంగీతం కలిసిపోయి వింటుంటే, పాట ఇలాగా ఉండొచ్చని తోచిందట. మేఘం కోసం ఆకాశం వంక చూసే మన సీమవాళ్లకు వాన కూడా సంగీతమేనని వేరే చెప్పాలా! అలా మొదలైన దారే 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'కు చేరింది. ఆదోని పత్తి యార్డులో రోజంతా వేలం కేకలు విని ఇంటికొచ్చే మా బావకు ఇదంటే ప్రాణం. 'చెవులు కడిగినట్టుంటాది' అంటాడు.

ఇవీ వినండి

* హౌ టు నేమ్ ఇట్ (1986): త్యాగయ్యనూ బాఖ్‌నూ ఒకే పందిట్లో కూర్చోబెట్టిన ఇళయరాజా ఆల్బమ్. కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టొచ్చు.

* ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ (1973): పింక్ ఫ్లాయిడ్ బృందానిది. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 700 వారాలకు పైగా నిలిచింది.

* ట్యూబులర్ బెల్స్ (1973): 19 ఏళ్ల మైక్ ఓల్డ్‌ఫీల్డ్ చాలా వాద్యాలు తానొక్కడే వాయించి రికార్డు చేశాడు.

* ఇన్‌సైడ్: పాల్ హార్న్ 1968లో తాజ్‌మహల్ లోపల వేణువు ఊది చేసిన రికార్డు. గుమ్మటం ప్రతిధ్వనే పక్కవాద్యం.

* విండ్స్ ఆఫ్ సంసార: బెంగళూరుకు చెందిన రికీ కేజ్, దక్షిణాఫ్రికా వేణు విద్వాంసుడు వౌటర్ కెల్లర్‌మాన్‌తో కలిసి చేసింది. 2015లో న్యూ ఏజ్ విభాగంలో గ్రామీ గెలిచింది.

చప్పుడు ఆగిన ఇంట్లో

ఒక్క షరతు. మొదటి నుంచి చివరి దాకా వరసగా వినాలి. మధ్యలో దూకితే సగం నేసిన చీరను కోసినట్టే. ఫోను పక్కన పెట్టి, టీవీ కట్టేసి, నలభై నిమిషాలు కూర్చోవడం కష్టమే మరి!

మామ మగ్గం ఆగి చాలా ఏళ్లయింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చూసుకున్నాడు. మగ్గం తీసేసిన రోజుల్లో, 'చప్పుడు లేకుంటే నిద్ర పట్టడం లేదే' అని అత్తతో అనేవాడట. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక 'డ్రీమ్' పెట్టమంటాడు. మాండలిన్ మోగుతుంటే ఆయన కుడికాలు నేల మీద మెల్లగా ఆడుతుంటుంది... గుంటలో తొక్కుడుకర్ర ఇంకా ఉన్నట్టే.

పోయినసారి వెళ్లినప్పుడు పాడేటోళ్లు ఎప్పుడొస్తారని ఆయన అడగలేదు. 'అయిపోయిందా? మళ్లీ పెట్టు' అన్నాడు.